పసుపు గీత అవతల

మా స్కూలు లెక్కల మాస్టారు పోయారని నాకు మావారు చెప్పారు. ఏళ్ల తరబడి ఆయన పక్క గదిలో సోషల్ పాఠాలు చెప్పినదాన్ని నేను. కబురు మాత్రం ముందు మావారి ఫోనుకే వచ్చింది. పెరట్లో కొబ్బరికాయలు వలిపిస్తున్న మనిషి అక్కడే బస్తా మీద కూలబడి, "మాస్టారు వెళ్లిపోయేరు" అన్నారు. నాకు ఏడుపు వచ్చింది. దానితో పాటు, చెప్పడానికి సిగ్గెందుకు, కుళ్లు కూడా వచ్చింది. ఆ కబురు నేను చెబితే ఈయన వినాలి గాని, ఇదేం వరస?

మాస్టారి మీద నా కుళ్లు ఇవాళ్టిది కాదు. స్కూళ్ల దగ్గర పొగాకు ఉండకూడదని సర్కారు వారి ఉత్తర్వు వచ్చినప్పుడు ఆ పని నాకు అప్పగించారు. గేటు పక్కన బోర్డు పెట్టించాను, సిగరెట్లు అమ్మే బడ్డీ కొట్టు దూరంగా జరిపించాను, పొద్దున్నే పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించాను. గేటు నుంచి వంద గజాల దూరంలో రోడ్డు మీద పసుపు గీత వెయ్యాలన్నారు. టేపు పట్టుకుని కొలిచింది మాస్టారే. గీత సరిగ్గా కాలువ వంతెన ముందు పడింది. ఆ సాయంత్రమే ఆయన గీత దాటి, వంతెన మీద నిలబడి సిగరెట్ వెలిగించారు.

"ఇదేంటండీ మాస్టారూ?" అన్నాను.

"ఆయ్, అవతలే ఉన్నానండీ మేడంగారూ. కొలిచినవాడే తప్పితే పిల్లలు ఇంక నా లెక్క నమ్మరండీ" అన్నారు, ఎంతో మర్యాదగా.

మావారు మలికిపురంలో కొబ్బరి వ్యాపారం చూసుకుని, సాయంత్రం నన్ను బండి మీద తీసుకెళ్లడానికి వచ్చేవారు. కొన్నాళ్లకి రోజూ పెందరాళే రావడం మొదలుపెట్టారు. నాకోసమే అనుకుని మురిసిపోయాను. తీరా చూస్తే, నేను స్టడీ అవర్ ముగించి వచ్చేసరికి ఇద్దరూ వంతెన గోడకి ఆనుకుని, పొగ వదులుతూ, పకపకా నవ్వుకుంటూ ఉండేవారు. నన్ను చూడగానే నవ్వు ఆగిపోయేది. ఏంటి కబుర్లని అడిగితే, "ఏముంటాయి" అనేవారు మావారు. ఇంట్లో అన్నానికి తప్ప నోరు తెరవని మనిషికి అక్కడ అంత నవ్వు ఎక్కడిదో! సిగరెట్ మానమని బతిమాలాను, ఏడ్చాను, మాట్లాడ్డం మానేశాను. ఏమీ లాభం లేకపోయింది.

పిల్లల దగ్గరా మాస్టారిదే పైచేయి. పదో తరగతి హాజరు మొత్తం ఒకే ఊపిరిలో పిలిచేవారు. మధ్యలో ఊపిరి తియ్యకుండా చివరి పేరు దాకా వస్తే క్లాసంతా చప్పట్లు. నా క్లాసులో ఎవరూ చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు.

దగ్గు మొదలైతే ముందు టీబీ అనుకున్నారు. మందులు వాడినా తగ్గలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని కాకినాడలో తేలింది. కీమో ఎక్కించారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. జుట్టు పోయింది, చొక్కా వదులైపోయింది. మధ్యలో కాస్త తేరుకుని ఒకరోజు స్కూలుకి వచ్చారు. నేను ప్రతిజ్ఞ చేయించబోతుంటే, "ఒక్క నిమిషం ఇవ్వండి మేడంగారూ" అని హాజరు పట్టీ అందుకుని పేర్లు పిలవడం మొదలుపెట్టారు. సగం కూడా కాకుండానే ఊపిరి అందక ఆగిపోయారు. "అంతేనమ్మా. మిగతా పేర్లు మేడంగారు పిలుస్తారు" అని కూర్చున్నారు. ఆ వారమంతా పిల్లలు తండ్రుల జేబుల్లోంచి బీడీ కట్టలు తెచ్చి నా బల్ల మీద పడేశారు. మీరే చెప్పండి, నేనెన్ని ఉపన్యాసాలిచ్చాను? ఒక్క కట్టయినా వచ్చిందా?

స్కూలుకి వచ్చిన రోజు సాయంత్రమే ఆయన మెల్లగా వంతెన దాకా నడిచారు. నేను వెళ్లేసరికి మావారు తల వంచుకుని ఉన్నారు. మాస్టారే చెప్పారు.

"ఇవాళ మీవారు వెలిగించలేదండీ. నాకెలాగూ రాసిపెట్టి లేదు, మీరొకటి కాల్చండి, పక్కన నిలబడి వాసన చూస్తానన్నానండీ. అగ్గిపుల్ల గీసేరు. నా మొహం చూసేరు. ఆర్పేసేరు."

ఆ రోజు నుంచి మావారు సిగరెట్ ముట్టలేదు. సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ నేనెంత ఏడ్చినా ఆరని అగ్గిపుల్ల మాస్టారి మొహం చూసి ఆరిపోయింది. అది నాకు మింగుడు పడలేదు. ఆ తర్వాత కూడా ఓపికున్న రోజుల్లో మాస్టారు వచ్చి వంతెన మీద నిలబడేవారు. ఇద్దరి చేతులూ ఖాళీ. నవ్వులు మాత్రం అలాగే. నన్ను చూసి ఆగిపోవడమూ అలాగే.

మా ఇంటి మనిషిని నాకు మిగిల్చింది మాస్టారే. మాస్టారిని దించిన రోజు క్రైస్తవుల సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక గుప్పెడు మట్టి వేసి దణ్ణం పెట్టుకున్నాను. దణ్ణం పెడుతూనే కుళ్లుకున్నాను, ఎందుకంటే అందరూ వెళ్లిపోయినా మావారు అక్కడి నుంచి కదల్లేదు.

ఇప్పుడు మావారు గీత అవతల ఆగక్కర్లేదు. బండి గేటు దాకా తీసుకురావచ్చు. తీసుకురారు. నిన్న స్టడీ అవర్ అయ్యాక వెళ్లి చూస్తే, వంతెన గోడకి ఆనుకుని కాలువలోకి చూస్తున్నారు. నేను పిలవలేదు. గీత దాటి వెళ్లి, మొదటిసారిగా ఆ గోడకి ఆనుకుని పక్కన నిలబడ్డాను. ఆయన నావైపు చూసి, కొంచెం పక్కకి జరిగారు. మా ఇద్దరి మధ్యా ఇంకొకరు నిలబడేంత చోటు వదిలి.