రెండు వారాలు దాటిన పుండు

మా నర్సీపట్నం పళ్ళ డాక్టరు గారు పోయారు. ఆయన క్లినిక్ కింద మందుల షాపతను చెప్తే గానీ నాకు తెలియలేదు. అప్పటికే మూడు రోజులైందట. భార్యాపిల్లలు లేని మనిషి, కబురు పెట్టడానికి ఎవరున్నారు గనక?

పదేళ్ళ కిందట అమ్మను మా ఊరు బలిఘట్టం నుంచి ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. అమ్మకు అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చేది. మా వైపు ఆడవాళ్ళకు అది వింతేమీ కాదు. నోట్లో పుండు లేస్తే క్యాన్సరేనని తీర్మానించేసుకోవడమూ వింత కాదు. నాలుక పక్కన లేచిన పుండును అమ్మ నెలల తరబడి దాచింది. బయటపడ్డాక నేను చేసిన ఘనకార్యం, "కాల్చొద్దంటే విన్నావా?" అని అరిచి, ఆమె కంచం, గ్లాసు వేరు పెట్టడం. అరుగు మీద ఒక్కర్తీ కూర్చుని గంజి తాగేది. పెద్దాసుపత్రికి రానంది. పుండుకు గీసుకుంటున్న పన్ను పీకిస్తే చాలు, పోయేలోగా నాలుగు మెతుకులు తింటానంది.

ఆయన పన్ను చూడలేదు. నాలుక బయట పెట్టమని, టార్చి వేసి చాలాసేపు చూశారు. మధ్యలో అమ్మ దగ్గింది.

"ఈ దగ్గు ఎన్నాళ్ళబట్టి ఉందమ్మా?"

"సుట్ట కాల్సినోలకి దగ్గుండదేటి బాబూ? ఆ పన్ను బేగి పీకీండి."

"పీకను. రెండు వారాలు దాటిన పుండు నీది కాదు, నాది."

ఆ మాట ఆయన అందరితోనూ అనేవారని, రెండు వారాల్లో మానని ఏ పుండునూ పరీక్ష చేయించకుండా వదలరని తర్వాత తెలిసింది. మత్తిచ్చి చిన్న ముక్క తీసి విశాఖపట్నం పరీక్షకు పంపారు. తెమడ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే కూడా చేయించారు.

"క్యాన్సర్ కాదమ్మా, టీబీ. ఊపిరితిత్తుల్లోంచి నాలుకకొచ్చింది. దీనికి మందుంది" అన్నారు. టీబీ అని చెబితే నవ్విన మనిషిని నేను ఒక్క అమ్మనే చూశాను.

సంచిలో అమ్మకు వేరుగా పెట్టిన గ్లాసు ఆయన కంట పడింది. "దగ్గితే నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమనండి, కిటికీలు తీసి ఉంచండి. గ్లాసుతో అంటుకోదు" అని నాతో అని, తన ఫ్లాస్కులో టీ ఆ గ్లాసులో పోసి అమ్మకిచ్చారు. తను మూతలో పోసుకుని తాగారు. రోజంతా ఆయనకు తోడు ఆ ఫ్లాస్కే. నాకు చాలా సిగ్గేసింది.

సర్కారు ఆసుపత్రిలో ఆరు నెలల మాత్రలు. రెండు నెలలకే పుండు మానిందని అమ్మ మాత్రలు ఆపేయబోతే, "కనబడే పుండే మానింది" అని గదిమారు. చుట్ట కూడా ఆయన మాటకే మానేసింది, నా మాటకు కాదు. మందులు అయిపోయినా నెలనెలా వెళ్ళి నాలుక చూపించి, టీ తాగి వచ్చేది. ఆయన ఎప్పుడూ వద్దనలేదు.

ఆయన పోయారని ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"ఈ నెల నాను ఎల్లనేదు" అంది.

తర్వాత నా వైపు తిరిగి, నోరు తెరిచి నాలుక బయట పెట్టింది. నాకు చూడడం చేతకాదు. అయినా లేచి వెళ్ళి టార్చి తెచ్చాను.