పండబెట్టిన కంప్యూటర్

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మా కొత్తకోట డీటీపీ సెంటర్లో మూలనున్న పాత కంప్యూటర్‌ను నేనింతవరకు పూర్తిగా ఆపలేదు.

అది నాకు టైపింగ్ నేర్పిన అక్కది. ఇంటికి పోయేముందు హైబర్నేట్ నొక్కి, మానిటర్ మీద తువ్వాల కప్పి, పిల్లను నిద్రపుచ్చినట్టు "పండబెట్టిన" అనేది. మర్నాడు ఆన్ చేస్తే సగం కొట్టిన కార్డులన్నీ వదిలిన చోటే తెరుచుకునేవి.

ఒకరోజు అప్‌డేట్ తర్వాత ఆ ఆప్షన్ మాయమైంది. ఆ సాయంత్రమే ఆమె ఆపరేషన్‌కు హైదరాబాద్ పోవాలి. తెర మీద ఎవరిదో పసిపాప తొట్టెల పండుగ కార్డు సగంలో ఉంది.

"నా పానం కంటె దీని పరేషానే ఎక్కువైంది చెల్లె" అని నవ్వింది.

నేనేమీ మాట్లాడకుండా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, పవర్ సెట్టింగుల్లో హైబర్నేట్ పక్కన టిక్ పెట్టాను. ఆప్షన్ తిరిగి వచ్చింది.

"నోరు లేదు గని, చేతిల పనుంది నీకు" అంది.

ఆ ఆపరేషన్ నుంచి అక్క తిరిగి రాలేదు. కార్డును వేరే సిస్టంలో నేనే కొట్టి ఇచ్చాను. అప్పుడప్పుడు పాతదాన్ని ఆన్ చేస్తాను. ఆమె ఆగిన అక్షరం పక్కన కర్సర్ ఇంకా కొట్టుకుంటూ ఉంటుంది. కాసేపు చూసి, మళ్ళీ పండబెట్టి తువ్వాల కప్పుతాను.

ఆ సాయంత్రం బస్సెక్కుతూ ఆమె నాతో అన్నది ఒక్కటే.

"బంద్ చెయ్యకు చెల్లె. నేనొచ్చి లేపుకుంట."