లెక్కకు రాని కాలు

మా మేనత్త కట్టంగూర్ దగ్గర మేకలు కాసేది. మామ పోయాక ఆ మేకలే ఆమె బతుకు. ఒక ఎండాకాలం నుంచి చెంబులకు చెంబులు నీళ్లు తాగడం, పొద్దస్తమానం నీరసమని కూలబడడం మొదలుపెట్టింది. ఆమె ఒంటికి పోయిన చోట చీమలు ముసిరితే వాడకట్టు ఆడవాళ్లు నవ్వేవారట.

అత్త వెళ్లినప్పుడల్లా ఊళ్లోని ఆర్‌ఎంపీ డాక్టరు గ్లూకోజ్ సీసా ఎక్కించేవాడు. "ఎండల తిరిగి సత్తువ పోయింది. ఇంకొకటి ఎక్కిస్త, లేచి ఉరుకుతవ్" అనేవాడు. షుగర్ ఉన్న మనిషి నరంలోకి చక్కెర నీళ్లు! ఒక్క చుక్క రక్తం పరీక్షించిన పాపాన పోలేదు.

వానలు పడ్డాక చూడబోయాను. గుమ్మంలోనే కుళ్లు వాసన. మేక ఏదో చచ్చిందనుకున్నాను. అత్త పాదానికి చుట్టిన గుడ్డ విప్పితే, తుమ్మముల్లు దిగిన చోట బొటనవేలు నల్లబడి, పుండులో పురుగులు కదులుతున్నాయి.

"నొస్తలేదా అత్తా?"

"ఏం నొప్పి లేదు బిడ్డా. గందుకే ఊకున్న."

నల్లగొండ పెద్ద దవాఖానలో కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. షుగర్ ఎన్నేళ్ల నుంచి ఉందని డాక్టరమ్మ అడిగింది. ఉందన్న సంగతి మాకు ఆ రోజే తెలిసింది.

ఆ చలికాలం పంచాయతీ ఆఫీసు ముందు ఆరోగ్య సభ పెట్టారు. ఎక్కడి నుంచో వచ్చిన అధికారి మైకు పట్టుకుని, "ఈ ఊర్లో షుగర్ కేసులు లేవు. కష్టపడేవాళ్లకు ఆ జబ్బు రాదు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. చంకకర్రల మీద నిలబడ్డ అత్త చీర కుచ్చిళ్లు పైకి లాగింది.

"మరి నన్నెక్కడ రాసుకున్నవ్ సారూ?"

ఆయన మొండికాలు చూసి ముక్కు చిట్లించాడు. "నీకు బయటపడింది నల్లగొండలో కదమ్మా. అది అక్కడి లెక్క."

"అయితే మావోళ్ల నెత్తురు గిప్పుడే చూడు."

పరీక్ష చేసే స్ట్రిప్పులు తేలేదట. బిస్కెట్లూ చాయ్ మాత్రం తెచ్చారు. అత్త తన చేతికిచ్చిన చాయ్ ఆయన బూట్ల ముందే పారబోసింది. మర్నాడు వాడకట్టు ఆడవాళ్లను ఆటోలో ఎక్కించుకుని తనే దవాఖానకు తీసుకుపోయింది. చాలామందికి షుగర్ ఉన్నట్టు తేలింది. ఒకామె మడమలో అప్పటికే పుండు. తిట్టి, బతిమాలి, ఆమెను అక్కడే చేర్పించింది.

ఆమె కాలు దక్కింది. ఆ కబురు చెప్తే అత్త సంబరపడలేదు.

"జర ముందుగాల ఎవలన్న చూసుంటె నాది గుడ ఉంటుండె" అని మొహం గోడవైపు తిప్పుకుంది.