పూత పోయిన రాడ్డు

తెలంగాణ వచ్చిన రెండో ఏడు వానాకాలంలో నేను కరీంనగర్‌లోని ఒక ప్రైవేటు ఎముకల ఆసుపత్రిలో స్టెరిలైజేషన్ ఇన్‌చార్జిని. ఆపరేషన్ థియేటర్‌లోకి పోయే ప్రతి కత్తెరనూ, ప్రతి స్క్రూనూ ముందు మా గదిలో కడిగి, ఆటోక్లేవ్‌లో, అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలో, ఆవిరి పట్టించాలి. నా చదువు పదో తరగతి. మిగతాదంతా డబ్బాల్లో వచ్చే ఇంగ్లీషు కాగితాలను డిక్షనరీ పెట్టుకుని చదివి నేర్చుకున్నాను. "నీకెందుకయ్యా నర్సయ్యా గా కాగితాలు" అని నవ్విన డాక్టర్లు ఒక్కొక్కరూ నాకిప్పటికీ గుర్తే.

మా గది గోడ మీద ఎర్ర పెయింటుతో నేనే రాసిన రూలు ఒకటుండేది: 'ఏ వస్తువైనా మన ఆటోక్లేవ్ దాటకుండా లోపలికి పోరాదు.' కంపెనీ సీళ్లను నేను నమ్మను. సీలు వేసిన డబ్బాలో తుప్పు మరక చూసినవాడిని.

ఆ వారం రాజమల్లు అనే బొగ్గుగని కార్మికుడు చేరాడు. అంతకుముందు ఇంకో ఆసుపత్రిలో అతని కాలిలో వేసిన రాడ్డును చీము పట్టడంతో తీసేశారు. ఈసారీ చీము పడితే మోకాలి కింద కాలే తీసేయాలని సర్జన్ అతని భార్య లచ్చవ్వకు చెప్పేశాడు. అందుకే హైదరాబాదు నుంచి మందు పూత రాడ్డు తెప్పించారు. దాని చుట్టూ పల్చటి పొర, ఆ పొరలో యాంటీబయాటిక్. లోహం మీద సూక్ష్మజీవులు ఒకసారి గూడు కట్టుకుంటే ఏ ఇంజెక్షన్‌కూ లొంగవు. అవి అంటుకోకముందే చంపడం ఈ పూత పని.

డబ్బా ముందురోజు సాయంత్రమే వచ్చింది. తెచ్చిన కంపెనీ మనిషి ఒక్క జాగ్రత్తా చెప్పలేదు. కాగితం పొద్దున చదవొచ్చులే అనుకుని నేనూ ఇంటికి పోయాను.

మర్నాడు మంగళవారం. కొండగట్టు గుడికి పోయే జనంతో బస్సు కదలక గంట ఆలస్యమైంది. వచ్చేసరికి రాజమల్లుకు నడుములో మత్తు సూది ఇచ్చేశారు. మా గదిలో ట్రేలో ఉన్న రాడ్డు చూశాను. పూత ముడతలు పడింది, ఒకచోట లేచిపోయి వట్టి లోహం కనిపిస్తోంది.

మా గదిలో పనిచేసే నర్సు షాహీన్‌ను అడిగాను. "సీలు ఇప్పి, బ్రష్‌తోని మంచిగ కడిగి, ఆవిరి పట్టిన చాచా. గోడ మీద రాసింది మీరే గదా?" అంది.

కాగితం చెత్తబుట్టలో దొరికింది. శుద్ధి చేసే సీలు వేశాం, వేడి పెట్టరాదు, రుద్దరాదు అని అందులో మొదటి పేజీలోనే ఉంది. ట్రేతో పాటు ఆ కాగితాన్నీ థియేటర్‌లో సర్జన్ దగ్గరికి తీసుకుపోయాను.

"ఏం గాదు సార్, మందు లోపల్నే ఉంటది, ఏసెయ్యుండ్రి" అన్నాడు ఆపరేషన్ కోసం వచ్చి అక్కడే ఉన్న కంపెనీ మనిషి. సర్జన్ గడియారం చూశాడు. నేను ట్రే బల్ల మీద పెట్టలేదు.

"గీ రాడ్డు నేనియ్య సార్. తప్పు నాది. కోసినంక చెప్పేకంటే ఇప్పుడే చెప్తున్న."

"నీకు నోరెక్కువైంది నర్సయ్యా" అంటూనే ఆయన కాగితం లాక్కుని రెండుసార్లు చదివాడు. ఇంకా కత్తి పెట్టలేదు కాబట్టి రోగిని బయటికి పంపించాడు. ఆ ముక్క లచ్చవ్వకు చెప్పే పని మాత్రం నాకే అప్పగించాడు.

"నడుముల సూదిచ్చి వట్టిగనే తెచ్చిన్రా?" అందామె. తప్పు నాదేనని చెప్పాను. "తప్పయిందనుటానికేంది సారూ, కాలు నీది గాదు గద" అంది.

కొత్త రాడ్డు నాలుగో రోజు వచ్చింది. సీలు విప్పకుండా నా చేతులతోనే థియేటర్‌లోకి తీసుకుపోయాను. ఆ తర్వాత కట్టు విప్పిన ప్రతిసారీ తలుపు దగ్గర నిలబడి, కంటితో చూడకముందే ముక్కుతో పసిగట్టడానికి ప్రయత్నించేవాడిని. చీము వాసన రాలేదు. కొన్ని నెలలకు రాజమల్లు కర్ర లేకుండా నడిచి వచ్చాడు. అది పూత మహిమేనని నేను చెప్పలేను.

ఆసుపత్రి మెమో ఇచ్చింది షాహీన్‌కు! దాన్ని నా పేరుకు మార్పించేదాకా ఊరుకోలేదు. కంపెనీ మనిషిని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

గోడ మీది రూలు గీకేసి షాహీన్ చేత కొత్తది రాయించాను: 'కాగితం చదవనివాళ్లు వస్తువు ముట్టరాదు.' కాగితం చదవాల్సిన నేనే ఆ సాయంత్రం చదవలేదు. రాడ్డును పాడు చేసింది నిర్లక్ష్యపు చేయి కాదు, శుభ్రంగా కడిగే చేయి. అన్నిటికీ ఒకే జాగ్రత్త పనికిరాదని తెలుసుకోవడానికి నేను ఇంకొకరి కాలు పణంగా పెట్టాను.