కవర్ మావయ్యతో హనీమూన్

మా చుట్టాల్లో ఎవరు రైలెక్కినా, విమానం ఎక్కినా వాళ్ళ వెనక సీట్లో మా మావయ్య ఉంటాడు. ఆయనకి ఉన్నది ఆ ఒక్క జబ్బే. మిగతా విషయాల్లో బంగారం లాంటి మనిషి. ఎవరూ పిలవక్కర్లేదు, వద్దన్నా ఆగడు. "నేను రాకపోతే మీకు కవర్ లేదురా" అంటూ సంచి భుజాన వేసుకుని తయారైపోతాడు. కవర్ అంటే ఆయన క్రెడిట్ కార్డు మీద వచ్చే ప్రయాణ బీమా. టికెట్టు ఆ కార్డుతోనే కొనాలట, కార్డు గల మనిషి కూడా అదే ప్రయాణంలో ఉండాలట, అప్పుడే పక్కవాళ్ళకి బీమా వర్తిస్తుందట. అందుకని మా టికెట్లన్నీ ఆయనే కొంటాడు, వాటితో పాటు తనకొకటి. టికెట్ల డబ్బు మేం తర్వాత తిరిగి ఇచ్చేస్తాం. ఆయన్ని మాత్రం తిరిగి ఇవ్వడానికి దారి లేదు.

మావయ్య ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. మనమంతా చదవకుండా సంతకం పెట్టేసే చిన్న అక్షరాలంటే ఆయనకి ప్రాణం. కార్డుతో వచ్చే షరతుల పుస్తకాన్ని జనం బీరువా ఊగకుండా కోడు కింద పెట్టుకుంటారు. మావయ్య దానికి అట్ట వేయించాడు. వరండాలో పడక్కుర్చీలో చదువుకుంటూ తనలో తనే నవ్వుకుంటాడు.

"ఏముంది మావయ్యా అందులో, అంత నవ్వడానికి?" అని ఒకసారి అడిగాను.

"గొర్రె."

"గొర్రేంటి?"

"సామాను కింద గొర్రెని తెచ్చుకుని పోగొట్టుకుంటే కవర్ కాదట."

"గొర్రెని సామాను కింద ఎవడు తెస్తాడు?"

"ఎవడో తెచ్చే ఉంటాడ్రా. తెచ్చాడు, పోగొట్టుకున్నాడు, డబ్బులిమ్మని భీష్మించుకు కూర్చున్నాడు. లేకపోతే రాసేవాడికి గొర్రె ఎందుకు తడుతుంది? ప్రతి షరతు వెనకా ఒక మహానుభావుడు ఉంటాడు."

మా నాన్న హెడ్మాస్టరు. ఆయన దగ్గు వినిపిస్తే బడి మొత్తం చొక్కా గుండీలు సర్దుకుంటుంది. అలాంటి మనిషి ఒక పెద్ద నగరంలో మీటింగుకి వెళ్ళి, వచ్చాక నెల్లాళ్ళు మావయ్యని తిట్టిపోశాడు. "మీ తమ్ముడితో నా తలప్రాణం తోకకొచ్చింది. స్టేషన్లో కదిలే మెట్లుంటే వాటి మీద అడుగు పెట్టనివ్వడే! 'ఇక్కడ పడితే సగమే కవర్ బావగారూ' అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయి మామూలు మెట్లన్నీ ఎక్కించాడు" అని మా అమ్మ మీద ఒంటికాలి మీద లేచేవాడు.

మా లాయరు పిన్ని పరాయి ఊరి కోర్టుకి కేసు వాదించడానికి వెళ్తే అక్కడా మావయ్యే. ఆఖరి బెంచీలో పుస్తకం తెరుచుకుని కూర్చున్న పెద్దమనిషిని చూసి, ఆయనెవరని జడ్జిగారు అడిగారట. "నా బీమా అండీ" అని చెప్పిందట పిన్ని.

ఇవన్నీ వింటూ పెరిగిన నేను పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి, నా పెళ్ళయ్యే దాకా.

పెళ్ళయిన మర్నాడు మావయ్య మా హనీమూన్ టికెట్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు. సముద్రం ఒడ్డున చిన్న ఊరు, విమానంలో వెళ్ళాలి. లెక్క చూస్తే మూడున్నాయి.

"మూడోది ఎవరికి మావయ్యా?"

"కవర్‌కి."

"మావయ్యా, ఇది హనీమూన్!"

"అందుకేరా భయం. కొత్త దంపతులకి ఒళ్ళు తెలీదు. సామాన్లు మర్చిపోతారు."

నా భార్య పళ్ళ డాక్టరు. వస్తాదుల్లాంటి వాళ్ళని కుర్చీలో పడుకోబెట్టి "ఏం కాదు, నోరు తెరవండి" అని చెప్పే మనిషి. ఆవిడ ఇల్లు పీకి పందిరేస్తుందనుకున్నాను. "పోనీలెండి, పెద్దాయన. ముచ్చట పడుతున్నారు" అంది. ఎంత మంచి మనసు దొరికింది నాకు అని లోలోపల పొంగిపోయాను.

విమానం ఆలస్యమైంది. ఆలస్యం ఆరు గంటలు దాటితే మావయ్య కార్డు మీద పరిహారం వస్తుంది. అయిదున్నర గంటలు గడవగానే విమానం సిద్ధం, వచ్చి ఎక్కండి అన్నారు. మావయ్య కౌంటరు దగ్గరికి పరిగెత్తాడు.

"అమ్మాయ్, ఇంకో అరగంట ఆపడం కుదురుతుందా?"

"ఎందుకు సార్?"

"ఇంతసేపు ఆపారు కదా, పని సగంలో వదిలేస్తే ఎలా?"

వరసలో నిలబడ్డ జనం ఆయన్ని నమిలి మింగేసేలా చూశారు. ఆ క్షణంలో ఆయనెవరో నాకు తెలియదన్నట్టు గోడ మీది గడియారం వంక చూస్తూ నిలబడ్డాను. నా భార్య మాత్రం నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

విమానం పరుగందుకోగానే మా రెండు సీట్ల సందులోంచి మావయ్య ముక్కు వచ్చింది, దాని వెనకే షరతుల పుస్తకం.

"అమ్మాయ్, నీ వృత్తికి సంబంధించింది ఒకటుంది. కట్టుడు పళ్ళు పోతే కవర్ కాదట."

"ఎలా పోతాయండీ, నోట్లో ఉండేవి?" అంది నా భార్య, వెనక్కి తిరిగి.

"కిటికీలోంచి తల బయటపెట్టి ఆవలించాడేమో మహానుభావుడు."

"మరి పెట్టుడు జుట్టు?"

"అదీ లేదు. కాలికి కట్టుకునే కొయ్యకాలూ లేదు. ఈ మూడూ కలిపి ఒకే వాక్యంలో రాశారమ్మా. నా అనుమానం, ముగ్గురూ ఒకడే."

విమానం మబ్బులు దాటేదాకా వాళ్ళిద్దరూ ఆ ఒక్క మనిషి గురించే మాట్లాడుకున్నారు. కొత్త పెళ్ళికొడుకుని, చెయ్యి చాపుకుని కూర్చున్నాను. పట్టుకునే నాథుడు లేడు.

ఊరు చేరాక మావయ్య వీధి చివర లాడ్జిలో దిగాడు. మేం ఒడ్డున నడిస్తే పాతిక అడుగుల వెనక గొడుగు వేసుకుని ఆయన. నేను నీళ్ళలోకి దిగితే, "మోకాలు దాటకురా, సాహస క్రీడ అవుతుంది!" అని కేక. మా ఫోటోలు చూస్తే హనీమూన్‌కి వెళ్ళింది ముగ్గురేమో అనిపిస్తుంది. వెళ్ళింది ముగ్గురమే అనుకోండి.

మూడో రోజు నా ఓపిక చచ్చిపోయింది. పొద్దున్న హోటల్లో బ్రెడ్డు తింటుండగా, మావయ్య ఎదురుగానే, ఆయన పుస్తకం అట్ట మీదున్న నంబరుకి ఫోన్ చేసి స్పీకరు నొక్కాను.

"చెప్పండి సార్" అంది ఒక అమ్మాయి.

"ఈ కార్డు మీద ప్రయాణ బీమా ఎవరెవరికి వర్తిస్తుందండీ?"

"కార్డుదారుకి, భార్యకి, వాళ్ళ మీద ఆధారపడిన పిల్లలకి సార్."

"మేనల్లుడికి?"

"లేదండీ."

"మేనల్లుడి భార్యకి?"

"మేనల్లుడికే లేదు కదండీ."

"కార్డుదారు పక్కనే కూర్చుంటే?"

"ఒళ్ళో కూర్చోబెట్టుకున్నా లేదు సార్." ఆ వెంటనే ఆ అమ్మాయే అడిగింది, "సార్, మీరు గొర్రె మావయ్యగారి తాలూకానా? ఆయనకి ఇదంతా తెలుసే! కార్డు తీసుకున్న ఏడాదే అడిగి తెలుసుకున్నారు. ఆరోగ్యం బాగుందా ఆయనకి?"

ఫోన్ పెట్టేశాను. మావయ్య బ్రెడ్డుకి వెన్న రాస్తున్నాడు. ముఖంలో చీమ కుట్టినంత బాధ కూడా లేదు.

"అంటే, తెలిసే ఇన్నాళ్ళూ మా అందరి వెంటా పడ్డావా?"

"తెలుసు. ఆ కార్డు కవర్ చేసేది నన్నొక్కణ్ణే. నాకు పెళ్ళాంపిల్లలు లేరుగా."

"మరి ఎందుకొచ్చావ్?"

ఆయన వెన్న కత్తి పక్కన పెట్టాడు. "షరతు లేనిచోట నేనుండనులే. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాను" అని లేచి, నా భార్య వైపు తిరిగాడు. "ఏమ్మా, నీకేమైనా అభ్యంతరమా?"

"నాకెందుకుంటుంది మావయ్యగారూ" అంది ఆవిడ, పళ్ళెంలోంచి తలెత్తకుండా.

గెలిచిన ఉత్సాహంలో ఆ సాయంత్రం గది బయటికొచ్చి నాన్నకి ఫోన్ చేసి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. శభాష్ అంటాడని చూశాను.

"ఎంత పని చేశావురా!" అన్నాడు. "వచ్చే నెలలో నాకు మళ్ళీ మీటింగుంది."

"ఉంటే ఏం? హాయిగా ఒంటరిగా వెళ్ళండి."

నాన్న గొంతు తగ్గించాడు. "మీ అమ్మ పక్కన లేదు కాబట్టి చెబుతున్నాను. నాకు కదిలే మెట్లంటే భయంరా. హెడ్మాస్టర్ని, ఎవరికి చెప్పుకోను? మీ మావయ్యని నేనే రమ్మన్నాను. సగమే కవర్ అని లాక్కుపొమ్మని చెప్పిందీ నేనే."

"మరి నెల్లాళ్ళు తిట్టారుగా!"

"తిట్టకపోతే అనుమానం రాదూ? పిలవనిదే ఆయన ఎవరి వెంటా రాడు. నీ వెంట వచ్చాడంటే నువ్వే పిలిచావనుకున్నాను."

"నేనెందుకు పిలుస్తాను, హనీమూన్‌కి!"

"నువ్వు కాకపోతే ఇంకెవరు పిలిచారో చూసుకో మరి" అని ఫోన్ పెట్టేశాడు.

మా ప్రయాణంలో ఉన్నది ముగ్గురం. పిన్ని సంగతేమిటో అడగాలనిపించలేదు.

గదిలోకి వెళ్ళాను. నా భార్య మంచం మీద కూర్చుని ఒకే తువ్వాలుని మడత పెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ పెడుతోంది. మర్నాడే మా తిరుగు విమానం. నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నించింది.

"ఇక్కణ్ణించి ఇంటికి బస్సులో ఎంతసేపు పడుతుందండీ? ఊరికే అడుగుతున్నా."

"రెండు రోజులు."

"పర్లేదే, చెట్లూ చేమలూ చూస్తూ వెళ్ళొచ్చు" అంది. పళ్ళ డాక్టరు తనకి విమానమంటే భయమని కట్టుకున్నవాడితో ఎలా చెప్పుకుంటుంది? 'ఏం కాదు' అని చెప్పడమే ఆవిడ ఉద్యోగమాయె. నాకు ఆవిడ మీద జాలీ, నా మీద నాకే కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. ఇప్పుడే వస్తానని చెప్పి లాడ్జికి పరిగెత్తాను.

మావయ్య సంచి సర్ది మంచం మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"బస్సు వెళ్ళిపోయిందిరా. సర్దుకోవడం ఆలస్యమైంది" అన్నాడు. ఆ సంచిలో ఉన్నవి రెండు చొక్కాలు.

"మావయ్యా, నిన్ను రమ్మన్నది తనేనా?"

"పరీక్ష పేపర్లు కూడా నా చేతి మీదుగానే అచ్చయ్యేవి. ఒక్క ప్రశ్న బయటికి పొక్కలేదు. నన్నడక్కు."

"సరే, అడగను. రేపు మాతో విమానంలో రా."

"ఎలా వస్తాను? నువ్వే కదరా స్పీకర్లో పెట్టి మరీ నా షరతు తీయించేశావు. ఇప్పుడు ఊరికే వస్తే, ఎందుకొచ్చాడని ఎవరైనా అడగరూ? అడిగితే ఆ అమ్మాయి ఏం చెప్పుకుంటుంది?"

ఆయన చేతిలోంచి పుస్తకం లాక్కున్నాను. జీవితంలో మొదటిసారి చిన్న అక్షరాలు చదివాను. యుద్ధం వెతికాను, తుఫాను వెతికాను.

"సమ్మె జరిగితే...?"

"కుదరదు. ముందే ప్రకటించి ఉండకూడదు."

"అంటువ్యాధి?"

"మనమే వ్యాపింపజెయ్యాలి. టైం లేదు."

ఆఖరికి ఒకచోట వేలు ఆగింది. "ఇదిగో! మనిషి కాపలా లేకుండా వదిలేసిన సామానుకి కవర్ లేదు. మాకు మూడు పెట్టెలున్నాయి. మేమిద్దరమే. మూడో పెట్టెకి మనిషేడి?"

మావయ్య కళ్ళజోడు పైకి తోసుకుని ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాడు.

"కార్డే మీకు పనికిరాదు కదరా. పెట్టె పోయినా ఏమీ రాదు."

"రాదు కాబట్టే పెట్టె పోకూడదు. పోకుండా ఉండాలంటే నువ్వు రావాలి."

ఆయన ముఖం మెల్లగా విప్పారింది. "ఇది బాగుందిరా! ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు" అని నా వీపు చరిచాడు.

ఇద్దరం హోటలుకి వచ్చాం. పెద్ద చిరాకు నటిస్తూ, మూడో పెట్టె కథంతా నా భార్యకి చెప్పాను.

"అబ్బ, మళ్ళీ మావయ్యగారా! ఈయనతో వేగలేకపోతున్నాం బాబూ" అని విసుక్కుంది. విసుక్కుంటూనే తువ్వాలు ఒక్కసారికే మడతపెట్టి పెట్టెలో పడేసింది. పొద్దుట్నించి ముట్టని తిండి కూర్చుని తినేసింది.

మర్నాడు విమానం రన్‌వే మీద పరుగందుకుంది. సీట్ల సందులోంచి ముక్కు వచ్చింది. ఈసారి నేను అలగలేదు, నా చెయ్యి ఆవిడ చేతి మీద వేసి ఊరుకున్నాను. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకునే అడిగింది.

"మావయ్యగారూ, మొగుణ్ణి ఎక్కడైనా మర్చిపోతే కవర్ అవుతుందా?"

వెనక పేజీలు తిరిగిన చప్పుడైంది.

"కాపలా లేకుండా వదిలేసింది ఏదైనా కవర్ కాదమ్మా. గట్టిగా పట్టుకో."

పట్టుకుంది. పళ్ళు పీకే చెయ్యి కదా, ఇల్లు చేరాక కూడా నా వేళ్ళ వాపు దిగలేదు. మావయ్యకి చూపిస్తే, అది కూడా కవర్ కాదన్నాడు.