కళ్ళజోడు సర్దుకున్న వీడియో

కరోనా తర్వాత బడులు సజావుగా నడిచిన మొదటి ఏడాది అది. గుంటూరును ఆనుకుని ఉన్న ఒక మండలంలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రంలో నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. అంటే, పళ్ళు తోముకోవడం దగ్గర్నుంచి బస్సెక్కడం దాకా పిల్లలకు విడిగా, ఓపిగ్గా నేర్పే టీచర్ని. అప్పటికి పద్నాలుగేళ్ళ సర్వీసు. నాకు తెలియనిది లేదన్న ధీమాకూ అన్నేళ్ళే.

ఒంటిపూట బడులు మొదలైన వారం మస్తాన్‌బీ తన కూతురు రేష్మాను తీసుకుని వచ్చింది. రేష్మాకు పదకొండేళ్ళు, ఆటిజం ఉంది. మాటలు చాలా తక్కువ. ఎదుటి మనిషి మొహం చూడదు కానీ, ఫోన్లో ఒకే సబ్బు ప్రకటనను ఇరవైసార్లు చూస్తుంది. ఆ రోజు పిల్ల కళ్ళు రెండూ ఎర్రగా వాచి ఉన్నాయి.

"మధ్యాన్నం బడి లేదు కదండీ, నాతోపాటు షెడ్డుకి తీసుకెళ్తున్నా" అంది మస్తాన్‌బీ. ఆమె మిరపకాయల షెడ్డులో తొడిమలు తీసే పని చేస్తుంది. "కాయలు పట్టుకోడం, కళ్ళు నలుపుకోడం, గుక్కపెట్టి ఏడవడం. ఇంకోసారి ఇట్టా జరిగితే నన్ను కూడా రావద్దన్నాడండి మేస్త్రీ. ఇంట్లో దీన్ని చూసేవాళ్ళు ఎవరున్నారు మేడం గారూ?"

"వారం రోజులు టైమివ్వండి" అన్నాను, ఏదో చేతిలో పనైనట్టు.

నా ధైర్యానికి కారణం వీడియో మోడలింగ్. నేర్పాల్సిన పనిని ఎవరో ఒకరు చేస్తుండగా చిన్న వీడియో తీసి, పిల్లకు పదేపదే చూపించి, వెంటనే ఆ పని చేయించడమే ఈ పద్ధతి. మనుషుల మొహం చూడని రేష్మా ఫోను తెర మాత్రం రెప్పవేయకుండా చూస్తుంది. ఇంతకంటే ఏం కావాలి?

కేంద్రంలో వాష్ బేసిన్ దగ్గర నేనే నటించి వీడియో తీయించాను. కాయ తొడిమ తీయడం, చేతులకు నూనె రాసుకోవడం, సబ్బుతో కడుక్కోవడం. ముందు నూనె రాస్తేనే కారం వదులుతుందన్నది షెడ్డులో ఆడవాళ్ళ పద్ధతి. సాధనకు మిరపకాయలు ఎందుకని బెండకాయలు పెట్టాను. అయిదో రోజుకు రేష్మా మొత్తం తనంతట తాను చేసింది. మధ్యలో ఒకసారి చెయ్యి ముక్కు దాకా వెళ్ళొచ్చింది కానీ, పిల్ల కదా అనుకున్నాను. చప్పట్లు కూడా కొట్టాను.

మర్నాడు మధ్యాహ్నం షెడ్డు నుంచి మస్తాన్‌బీ ఫోన్ చేసింది. వెనకాల రేష్మా ఏడుపు వినిపిస్తోంది.

"మీరు నేర్పినట్టే చేసిందండీ. తొడిమ తీసింది, చెయ్యి కళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది, అప్పుడు నూనె గిన్నె కోసం చూసింది."

ఫోన్ పెట్టేశాను. వీడియో పెట్టి చూసుకున్నాను. తొడిమ తీసి, నూనె ముట్టుకోబోయే ముందు, జారిన కళ్ళజోడును వేలితో పైకి నెట్టుకుంటున్నాను నేను. రోజుకు వందసార్లు చేసే పని కాబట్టి నా కంటికి ఆనలేదు. రేష్మా మాత్రం అదీ పాఠంలో భాగమే అనుకుని శ్రద్ధగా నేర్చుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రమే షెడ్డుకు వెళ్ళాను. "తప్పు పిల్లది కాదండీ, నాది" అని మేస్త్రీతో చెప్పాను.

"ఫోన్లో చూసి చేతులు కడుక్కోడం నేర్చుకుంటదా మేడం?" అన్నాడు నవ్వుతూ.

"తప్పునే అంత బాగా నేర్చుకున్న పిల్ల, ఒప్పును నేర్చుకోదా?"

ఆయన తల గోక్కుని, "ఈ వారం చూస్తా. ఆ తర్వాత నన్ను అడగొద్దు" అన్నాడు.

ఈసారి షెడ్డులోనే తీశాను. వాష్ బేసిన్ లేదు, నీళ్ళ డ్రమ్ము, చెంబు. నా మొహం లేదు, మస్తాన్‌బీ చేతులు మాత్రమే. ఫోను ఆమె భుజం మీదుగా పట్టుకున్నాను, రేష్మా తన చేతుల్ని తానే చూసుకుంటున్నట్టు ఉండాలని. దీన్ని పాయింట్ ఆఫ్ వ్యూ వీడియో అంటారు. పిల్లకు చూపించే ముందు నేను పదిసార్లు చూశాను, ఎక్కడా అదనపు కదలిక లేదని నమ్మకం కుదిరేదాకా.

వారం ఆఖరి రోజు వెళ్ళేసరికి రేష్మా గోనె పట్టా మీద తల్లి పక్కన కూర్చుని ఉంది. కళ్ళు తేటగా ఉన్నాయి. నేనూ పక్కన చతికిలబడి నాలుగు కాయలు తొడిమలు తీశాను. ఉక్కపోతకు కళ్ళజోడు జారింది. అలవాటు ఎక్కడికి పోతుంది, చెయ్యి పైకి లేచింది.

రేష్మా ఠక్కున నా మణికట్టు పట్టుకుంది. నా మొహం వైపు చూడనే లేదు. చేతిని లాక్కెళ్ళి నూనె గిన్నె దగ్గర పెట్టి, "నూనె" అంది. నేను రాసుకున్నాక చెంబుతో నీళ్ళు పోసింది. మస్తాన్‌బీ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రీ నన్ను చూసి, "రేపట్నుంచి మేడం గారికి కూడా వీడియో చూపించాల" అన్నాడు. ఆ సీజనంతా తల్లీకూతుళ్ళు షెడ్డుకు వెళ్ళారు.

ఆ రోజు నాకు కలిగినంత గర్వం ఏ సన్మానానికీ కలగలేదు. ఇప్పుడు ఏ పిల్ల విచిత్రంగా ఏం చేసినా ముందు నా వీడియో నేను చూసుకుంటాను, ఇది నా దగ్గర నేర్చుకున్నది కాదు కదా అని. అన్నేళ్ళూ పిల్లల చేతులు పట్టుకుని నేర్పాను. నా చెయ్యి పట్టుకుని నేర్పింది మాత్రం రేష్మా ఒక్కతే.