రెండు పెట్టెల్లో రెక్కల విలన్

ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసిందో, నేనే బడిని వదిలేశానో ఇప్పటికీ తేలలేదు. ఇద్దరం సుఖంగానే ఉన్నాం. అమీర్‌పేట సందులో నాది ఆల్టరేషన్ దుకాణం. కంప్యూటర్ కోర్సులకు వచ్చిన కుర్రాళ్లు ఉద్యోగం రాకముందే ఇంటర్వ్యూ ప్యాంటు కొనేసేవారు. దాని పొడవు తగ్గించడం నా పని.

అలా అలవాటైన గుంటూరు సాఫ్ట్‌వేరాయనకు బొమ్మల పిచ్చి. ఇంగ్లిషు కామిక్స్‌లో ఒక రెక్కల విలన్ ఉండేవాడు. రెండు కంపెనీలు పోటీపడి చేసిన వాడి బొమ్మలు రెండూ ఈయన దగ్గరున్నాయి. ఆ విలనంటే నాకు ప్రాణం. మంగలి షాపులో వంతు కోసం కూర్చుని, అక్షరం ముక్క అర్థం కాకపోయినా వాడి కోసమే పేజీలు తిప్పేవాణ్ణి. హీరోకు కండలున్నాయి గానీ, వీడి ముందు తేలిపోయేవాడు.

ఆయన బెంగళూరు మారిపోతూ, తన ప్యాంట్లు ఏనాడూ ఆలస్యం చేయనందుకు ఒక బొమ్మ నాకిస్తానన్నాడు. ఏది కావాలో నన్నే తేల్చుకోమన్నాడు. పంజాగుట్టలో ఆయన గదికి పరుగెత్తాను. బల్ల మీద రెండు పెట్టెలు. ఒకడికి ప్లాస్టిక్ రెక్కలు, ఇంకొకడికి గుడ్డ రెక్కలు.

"సార్, జర మూత తీయుండ్రి. చేత్తో పట్టి చూస్త."

"అమ్మో, సీలు తియ్యకూడదండీ మాస్టారూ. తీస్తే విలువ పోతుంది."

"గుడ్డ ముట్టకుంట టైలరేం చెప్తడు సార్? గోడ అవతలి మనిషికి నాడి చూసినట్టున్నది."

ఆయన నవ్వాడు గానీ సీలు తియ్యలేదు. పెట్టె ముందున్న పారదర్శకపు కాగితంలోంచే గంటసేపు చూశాను. ప్లాస్టిక్‌వాడి ఈకలు ఒక్కొక్కటీ చెక్కినట్టున్నాయి, మొహం మాత్రం పంటి నొప్పి మొహం. గుడ్డవాడి కళ్లలో అసలైన దుర్మార్గం ఉంది. రెక్కలు ముడుచుకుంటాయా, బొమ్మ నిలబడుతుందా అని ఏది అడిగినా ఆయన "అనుకుంటానండీ" అనేవాడు. నాలుగేళ్లుగా ఇంట్లో పెట్టుకున్న మనిషి!

చివరికి గుడ్డవాణ్ణే తెచ్చుకున్నాను. తాతల నాటి నుంచి మగ్గం ఆడిన ఇల్లు మాది. ప్లాస్టిక్ పట్టుకుపోతే పరువేం కాను?

దుకాణానికి రాగానే సీలు చించాను. రెక్కల మీద కనిపించినవి కుట్లు కావు, కుట్లలా అచ్చేసిన గీతలు. అంచులన్నీ జిగురు. లోపలి తీగ పొడుచుకొచ్చింది. నిలబెడితే రెక్కల బరువుకి వెల్లకిలా పడ్డాడు. ఒళ్లు మండింది. మూడు రోజులు గిరాకీని పక్కన పెట్టి, జిగురు గీకి, కాలర్లలో వేసే బక్రం లోపల పెట్టి, రెక్కలు మళ్లీ కుట్టాను. నిలబడ్డాడు.

ఆఖరి ప్యాంటు కోసం వచ్చిన సాఫ్ట్‌వేరాయన వాణ్ణి చూసి బిగుసుకుపోయాడు.

"ఎందుకు విప్పారండీ? ఇక ఇది మామూలు బొమ్మే."

"గా ప్లాస్టిక్‌దాని రెక్కలు ముడుచుకుంటయా? గదన్న చెప్పుండ్రి. నేను తప్పు ఏరుకున్ననా, కరెక్టే ఏరుకున్ననా నాకు తెల్వాలె."

"ప్యాక్ చేసేశానండీ. అయినా, నాకూ తెలీదు."

ఇక నన్నేం అడగమంటారు? ప్యాంటు చేతికిచ్చాను. ఆయన మడత విప్పాడు, తిరగేశాడు, కాలి అంచు రెండు చేతులా పట్టుకుని కుట్టు గట్టిగా లాగి చూసుకున్నాడు.